పడవమ్మ నోరు విప్పిన చోటు

2011 వర్షాకాలం. నార్సింగి అవతల కొత్తగా తెరిచిన థీమ్ పార్కులో మా పడవ చీకటి సొరంగంలోకి మెల్లగా జారింది. చుట్టూ పొగమంచు, నీలం వెలుతురు, ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. ముందు వరసల్లో బడిపిల్లలు, వెనక మేం ముగ్గురం. పిల్లలంతా మంచును పట్టుకోవాలని చేతులు బయటికి చాచారు. అప్పుడు పైనుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"చేతులు లోపల్కి పెట్టుకో బిడ్డా. మబ్బు కరుస్తది."

చేతులన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. నా పక్కన కూర్చున్న ప్రసాద్ గారి చెయ్యి కూడా. ఆ గొంతును తీసేయించాలనే ఆయన ఆ రోజు అక్కడికి వచ్చారు.

దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాక నేను కొత్తగూడలోని ఒక యానిమేషన్ సంస్థలో కంటిన్యూటీ ఎడిటర్‌గా చేరాను. కథలో ఒకచోట చెప్పింది ఇంకోచోట తప్పిపోకుండా కాపలా కాయడం ఆ పని. కథాలోకంలో నిజంగా జరిగినట్టు లెక్కకొచ్చేదాన్ని కానన్ అంటారు. ఏది కానన్, ఏది కాదు అని చెప్పాల్సింది నేను.

మా 'మబ్బుల రేవు' ధారావాహికలో ఆకాశంలో పడవ నడిపే పడవమ్మ ఒక్క మాటా మాట్లాడదు. ఆ కథ రాసిన ప్రసాద్ గారిది కాకినాడ. పార్కులో దాన్ని రైడ్‌గా పెట్టినప్పుడు, జాగ్రత్తలు చెప్పడానికి ఆమెకు గొంతు కావాల్సి వచ్చింది. మా సౌండ్ విభాగంలోని స్వరూప, నార్సింగిలోనే పుట్టి పెరిగిన అమ్మాయి, ముసలి గొంతు పెట్టి స్క్రాచ్ ట్రాక్ చెప్పింది. అసలు కళాకారిణి వచ్చేదాకా నిడివి చూసుకోవడానికి పెట్టే తాత్కాలిక గొంతు అది. రికార్డింగ్ నాడు తెలంగాణ బంద్. మళ్లీ పెట్టుకున్న నాడూ బంద్. కళాకారిణి రాలేకపోయింది. రైడ్ మాత్రం తెరుచుకుంది.

రెండో భాగంలో పడవమ్మ మాట్లాడాలని అనుకున్నాక చిక్కొచ్చింది. రైడ్ కానన్ అయితే ఆ పాత్ర స్వరూపది. కాకపోతే ఆమె మళ్లీ హెడ్‌ఫోన్ల వెనకే.

"అది ఆటండి, స్వరూప గారూ. కథంటే మనం తెరమీద చెప్పింది. నా ఊహలో పడవమ్మది గోదారి గొంతండి," అన్నారు ప్రసాద్ గారు ఆఫీసు మీటింగులో.

"మబ్బులకు జిల్లాలేంది సార్? ఆమె నోరు దెరిచిందే ఆడ. ఇన్నోళ్లు ఇన్నరు. ఇగ అనలేదంటే ఎట్ల?"

ఎవరో వెనకనుంచి, "ఇంతకీ మీ పడవమ్మ లోకలా, నాన్‌లోకలా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ రోజుల్లో మా ఆఫీసులో అలాంటి నవ్వులు త్వరగా ఆగిపోయేవి.

నాకు పత్రిక అలవాటు పోలేదు. అచ్చయింది తప్పయితే మర్నాడు సవరణ వేస్తాం. రైడ్ ఎక్కి దిగి ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లకు సవరణ ఎక్కడ వేయాలి? ముందు ముగ్గురం ఎక్కి విందాం, తర్వాత తేలుద్దాం అన్నాను.

పడవ దిగాక ప్రసాద్ గారు రెయిలింగ్ దగ్గర ఆగి తన చెయ్యి చూసుకున్నారు.

"చెయ్యి నేను తీసుకోలేదండి. దానంతటదే వచ్చేసింది."

"భయమైందా సార్?" అంది స్వరూప, నవ్వాపుకుంటూ.

"లేదండి. నన్నే పిలిచినట్టయింది."

రైడ్ కానన్ అని మర్నాడు చెప్పేశాను. ప్రసాద్ గారు కాదనలేదు. పార్కులో గొంతు మార్చమనీ అడగలేదు. తీరా రెండో భాగం స్క్రిప్టు చేతికొచ్చాక చూస్తే, పడవమ్మకు ఒక్క మాటా లేదు.

"వేరే గొంతు పెడితే అబద్ధమవుద్దండి. ఆ గొంతే పెడితే నేను ఊహించుకున్న పడవమ్మ నాకు దొరకదు," అన్నారు.

స్వరూప స్క్రిప్టు మూసి బల్లమీద పెట్టింది. "నాకు ఇయ్యొద్దని ఆమె నోరే మూసిన్రు గదా సార్," అంది.

ఏది నిజమో తేల్చే కుర్చీ నాదే అనుకునేవాణ్ని. అందులో కూర్చున్నవాడు ఒక మాటను కథలోకి రానివ్వగలడు కానీ, ఆ మాట ఎవరిచేతా పలికించలేడని ఆ రోజు తెలిసింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. 'మబ్బుల రేవు' మూడో భాగం కూడా వచ్చింది. పార్కులో ఇప్పటికీ స్వరూప గొంతే వినిపిస్తుంది. తెరమీద పడవమ్మ ఇంకా మాట్లాడలేదు.