ఆగలేని మనిషి

రైతు శ్రీశైలానికి ఒకచోట కూర్చోవడం రాదు. నార్కట్‌పల్లి దగ్గర ఒక దవాఖాన వెనక, పత్తికట్టెను ఇనుప డ్రమ్ములో గాలి సోకకుండా కాల్చి బొగ్గు చేస్తాడు. దవాఖాన మురుగునీళ్లలో కలిసే యాంటీబయాటిక్ మందులను ఆ బొగ్గు పట్టుకుంటుంది. వడగట్టిన నీళ్లు అతని వరిమడికే పోతాయి. డ్రమ్ము చుట్టూ తిరుగుతాడు, మూత తాకి చెయ్యి ఊదుకుంటాడు, మళ్లీ తిరుగుతాడు. చల్లారిన పుల్లను చెవి దగ్గర విరిచి వింటాడు, టంగుమంటే బాగా కాలిందని మురిసిపోతాడు.

ఇవాళ వడపోత తొట్టిలో బొగ్గు నింపి మురుగునీళ్లు పెట్టాక, డ్రమ్ము అడుగున మిగిలిన పుల్ల విరిస్తే చప్పుడు రాలేదు. లోపల ఇంకా కట్టె రంగే ఉంది. అతను మడికి నీళ్లు పోయే గేటువాల్వు కట్టేశాడు.

"నీళ్లు అద్దం లెక్కున్నయి, ఇడువరాదు? మడి నెర్రెలు బాస్తాంది" అంది భార్య కౌసల్య.

"మందు కండ్లకు కానరాదే. నిన్న ఆగలేక మూత జల్ది తీసిన. పచ్చిబొగ్గు మందును పట్టదు."

"ఎవలన్న సూసిండ్రా?"

"నేను సూసిన గదా."

తొట్టిలోని బొగ్గంతా ఎత్తిపోసి, డ్రమ్ములో కొత్త కట్టె నింపి, అంటించి, మంట అందుకోగానే మూత పెట్టాడు.

"రేపటిదాంక నన్ను గిటు రానియ్యకు."

"నిన్ను ఆపుడు నాతోని కాదు" అంటూనే కౌసల్య మూత మీదికి పెద్ద రాయి ఎత్తింది.