సత్తిరాజుగారి ముఖం ఉన్న కప్పు

భీమవరం చుట్టుపక్కల వరదలు, తుఫానులు వంటి చిన్నచిన్న విషయాలను ఎవరో ఒకరు రాసిపెట్టారు గానీ, సత్తిరాజుగారు పొద్దున్నే పొగలు కక్కే కాఫీని పొగ తగ్గకముందే తాగేస్తారన్న మహావిషయాన్ని ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. స్టీలు గ్లాసును తువ్వాలు కొసతో పట్టుకుని ఆయన వరండాలో కూర్చున్నాక, తన చేపల చెరువు గట్టు తెగిందన్నా గ్లాసు ఖాళీ అయితే గానీ లేచేవారు కాదు. ఈ గ్లాసు యుగం 2009లో ముగిసింది.

ముగించింది కూతురు ప్రణతి. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, తండ్రి అరవయ్యో పుట్టినరోజుకి ఇంటర్నెట్‌లో ఆయన ఫొటో పంపి, దాన్ని అచ్చువేసిన కప్పు తెప్పించింది. కొరియర్ పెట్టె విప్పితే బొగ్గులాంటి నల్లకప్పు వచ్చింది. ఫొటో ఎక్కడా లేదు.

"వేడి కాఫీ పొయ్యండి నాన్నగారూ, మీరే కనపడతారు" అంది ఫోన్లో.

పోశారు. నలుపు కరిగింది. చీకటిగదిలోంచి మనిషి నడిచొచ్చినట్టు మీసంతో, గళ్ల చొక్కాతో సత్తిరాజుగారు వచ్చారు. కాఫీ అయిపోయింది. ముఖం మెల్లగా నల్లబడి మాయమైపోయింది.

"బతికున్న మనిషి అలా ఆరిపోవడం ఏంటండీ?" అంది భార్య జానకీదేవి.

"సైన్సు జానకీ, సైన్సు."

కొన్నాళ్లకు సైన్సు సన్నగిల్లింది. ఎంత వేడిగా పోసినా ఎడమ చెవి రాలేదు. ఆ వారమే ఆయనకు చెవిపోటు. తర్వాత మీసం కొస పోయింది. మంగలి చేయి జారి అసలు మీసమూ అదే వైపు తరిగింది. చల్లారాక నల్లకప్పు మీద తెల్లమచ్చలు లేవసాగాయి. వాటిని ఇంట్లో అందరూ చూశారు.

"దాన్ని అటక మీద పడేద్దామా?" అన్నారు సత్తిరాజుగారు, ఎవరి ముఖం గురించో అడిగినట్టు.

"అమ్మో! మిమ్మల్ని చీకట్లోకి నెట్టినట్టు కాదుటండీ? పోస్తూనే ఉండాలి."

పోస్తూనే ఉన్నారు. దిష్టి తీశారు. పాలకొల్లు వెళ్లి అభిషేకం చేయించారు. మర్నాడు ముక్కు రాలేదు. చొక్కా జేబు, అదీ గుండె వైపుది, చెరిగిపోయిన రోజున ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. డాక్టరు దగ్గరికి రమ్మంటే మాత్రం, కప్పుకి తెలిసింది డాక్టరుకేం తెలుస్తుందన్నారు. చేపపిల్ల సిద్ధంగా ఉంది, ఎప్పుడు వదలమంటారని చెరువు మీద మనుషులు కబురుపెట్టారు.

"వద్దని చెప్పు జానకీ. చేపల పట్టుబడి నాటికి ఎవరుంటారో" అన్నారు. నీళ్లు నింపిన చెరువు ఖాళీగా ఆకాశాన్ని చూస్తూ పడుంది.

ఆఖరికి కప్పు మీద కుడికన్ను ఒక్కటే మిగిలింది. కాఫీ పోసినప్పుడల్లా అది తెరుచుకుని ఆయన్నే చూసేది.

ఓ ఆదివారం కన్ను కూడా తెరుచుకోలేదు. కప్పు తెల్లగా, శుభ్రంగా, ఎవరూ లేకుండా ఉంది. సత్తిరాజుగారు దాన్ని కింద పెట్టేశారు. జీవితంలో మొదటిసారి ఆయన ముందు కాఫీ చల్లారింది.

"జానకీ, అమ్మాయిని బయలుదేరమని ఫోన్ చెయ్యి."

జానకీదేవి కొంగు నోట్లో కుక్కుకుంది. అంతలో అంట్ల కోసం వచ్చిన పనిమనిషి బుల్లెమ్మ కప్పు చూసి ముఖం చేటంత చేసుకుంది.

"చూశారాండి అయ్యగారూ! ఇన్నాళ్లకి వదిలిందండి!"

"ఏంటే వదిలింది?" అన్నారాయన, ప్రాణం గురించి అడిగే గొంతుతో.

"మసండి. కొత్త కప్పుని ఎవరలా మాడబెట్టేరో గానండి, రోజూ పీచూ బూడిదా వేసి తోమేనండి. నిన్న ఇసుక కూడా వేసేనండి. ఆయ్, పిసరు మిగల్లేదండి!"

జానకీదేవి నోట్లోంచి కొంగు తీసేసింది.

సాయంత్రం చెరువులో చేపపిల్ల వదిలారు.