దించని బస్తా

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా ఇంటి మగవాళ్ళంతా రైస్ మిల్లు హమాలీలే. మా నాన్న క్వింటాలు బస్తా వీపున వేసుకుని ఈల వేస్తూ నడిచేవాడు. ఈ సంగతి జరిగిన యేడే మా తాతయ్యకు కామెర్లు వచ్చి తగ్గాయి. హమాలీల ముఠాలో అందరికన్నా బలహీనుడు ఆయనే. బస్తా ఎత్తే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే తోటివాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, దాచడం ఎందుకు?

ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళకు సద్ది తీసుకుని వెళ్ళాను. మిల్లులో నేల ఊడ్చే మా పక్కింటి అక్కను గుమాస్తా అందరి ముందు నిలబెట్టాడు. ఊడ్చిన నూకలు కొంగున కట్టుకుపోవడం అక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. ఆ రోజు మాత్రం ఆయన దాన్ని దొంగతనం అన్నాడు.

"చీర విప్పి దులుపు. ఇంకెంత దాసినవో సూస్త."

అక్క కొంగు గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది. మా నాన్నతో సహా ఆ కండలు తిరిగిన మగవాళ్ళంతా నేల చూపులు చూశారు. అప్పటికి తాతయ్య బస్తాతో లారీ ఎక్కే చెక్క మీద సగం దూరంలో ఉన్నాడు. అక్కడే ఆగిపోయాడు. ఆయన కదిలితే తప్ప ఇంకొక్క బస్తా లారీ ఎక్కదు.

"ఆమెను ఇంటికి పోనియ్యి సార్. గప్పటిదాక నేను ఇది దించ."

గుమాస్తా నవ్వాడు. "ఎంతసేపు ఉంటవో ఉండు ముసలోడా."

తాతయ్య ఉన్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి, గడ్డం మీదుగా చెమట కారుతోంది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. రేపటినుంచి పనిలోకి రావద్దన్నాడు గుమాస్తా. "సరే సార్" అన్నాడు తాతయ్య, బస్తా మాత్రం దించలేదు. పడిపోతాడని నేను గట్టిగా ఏడ్చాను. అప్పుడు మా నాన్న తల వంచుకునే వచ్చి, వెనకనుంచి ఆ బస్తాకు తన భుజం ఆనించాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చి నిలబడ్డారు. గుమాస్తా బూతులు తిట్టి, అక్కను పొమ్మన్నాడు.

మరునాటినుంచి తాతయ్యకూ నాన్నకూ ఆ మిల్లులో పని లేదు. గరిడేపల్లి వైపు వరికోతలకు పోయాం. అంత బలం ఎక్కడిదని దారిలో తాతయ్యను అడిగాను.

"బలమెక్కడిది బిడ్డా? ప్రభువా, నాతోని కాదు, నువ్వే నిలబెట్టు అనుకుంట ఉన్న. గంతే."

క్రైస్తవులంటే ఓర్చుకుని, నోరు మూసుకుని పడి ఉండాలని నాకు బోధించబోయిన పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా తాతయ్య ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, గుమాస్తాను చివరిదాకా సార్ అనే పిలిచాడు. అయినా కదల్లేదు. దాన్ని పిరికితనమనే వాళ్ళు వచ్చి నా ముందు అనమనండి.

తర్వాత నేను సూర్యాపేట దగ్గర ఒక బడిలో టీచరునయ్యాను. చేయని తప్పును బడి వంటామె మీద రుద్దుతూ ఒక కాగితం రాసి, పై అధికారి నన్ను సంతకం చేయమన్నాడు. చేయనని చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. భయపడ్డానని ఆయన అనుకున్నాడు. నిజమే, భయపడ్డాను. సంతకం మాత్రం పెట్టలేదు.