ఢిల్లీ కన్నా దూరమైన ఖరగ్‌పూర్

మొన్న ఇక్కడ ఖరగ్‌పూర్‌లో, సుభాష్‌పల్లి బజారులో ఎవరో పనసపండు కోస్తుంటే ఆ వాసనకి నా కాళ్ళు ఆగిపోయాయి. మా అమ్మమ్మ ఏటా ఎండాకాలంలో విశాఖపట్నం నుంచి ఖరగ్‌పూర్ వచ్చేది. న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు గుమ్మంలో ఆమె గోనెసంచి దింపగానే పనసతొనల వాసనా, కొత్త ఆవకాయ ఘాటూ, ఆమె చుట్ట పొగా కలిసి ఇల్లంతా అలుముకునేవి. నాన్న వర్క్‌షాపు నుంచి నూనె మరకల చొక్కాతో వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని పక్కింటి బెంగాలీ దీదీకి తెలుగులోనే ఊరి కబుర్లు చెబుతుండేది, ఆవిడ బెంగాలీలోనే ఊకొట్టేది, మేము ఆడపిల్లలం వాళ్ళ పక్కనే గచ్చకాయలాడుతూ మరమరాలు బొక్కేవాళ్ళం.

నా పదో ఏట, వానలు మొదలైన రోజుల్లో, అమ్మమ్మ పోయిందని వీధి చివరి కొట్టుకి ఫోనొచ్చింది. అమ్మ ఆ ఫోనులోనే మా మామయ్యను బతిమాలింది.

"అన్నియ్యా, తెల్లారే రైలెక్కుతాను. దీపాల ఏలకొచ్చేస్తాను. అమ్మ మొకం సూడనియ్."

ఆయన సరేనన్నాడు. మర్నాడు రైలు చిలికా సరస్సు పక్కనుంచి, బరంపురం మీదుగా, తడిసిన జీడితోటల మధ్యనుంచి పోతున్నంతసేపూ అమ్మ కిటికీ ఊచ వదల్లేదు, మంచినీళ్ళు ముట్టలేదు.

మేం దీపాల వేళకి వెళ్ళేసరికి వాకిలి కడిగేసి ఉంది. ఢిల్లీలో చదువుకుంటున్న మామయ్య కొడుకు మధ్యాహ్నం విమానంలో వచ్చేదాకా శవాన్ని ఉంచి, అతను రాగానే ఎత్తేశారట. ఢిల్లీ మాకంటే ఎంత దూరమో బళ్ళో గోడ మీది పటంలో నేను చూసినదే.

"ఆడు ఇమానంలో వచ్చినాడు. మీ రైలు ఎప్పుడొస్తాదో ఎవుడికి తెల్సు?" అన్నాడు మామయ్య, తల తుడుచుకుంటూ.

అమ్మ చెప్పులు విడవలేదు. ఆ ఇంటి నీళ్ళు తాగకుండా మమ్మల్ని స్టేషనుకి నడిపించుకొచ్చింది. తర్వాత వాళ్ళింట్లో ఎన్ని పెళ్ళిళ్ళయినా, వచ్చిన ప్రతి శుభలేఖతోనూ కుంపటి రాజేసింది.

కిందటేడు ఆ ఢిల్లీ బావే ఫోను చేశాడు. మామయ్య మంచాన పడ్డాడట, చెల్లెల్ని చూడాలని కలవరిస్తున్నాడట.

"కోల్‌కతాలో విమానం ఎక్కు అత్తా. గంటన్నరలో ఇక్కడ విశాఖలో దిగిపోతావు. టికెట్ నేను తీస్తాను."

"రైలుకే వస్తాన్రా," అంది అమ్మ.

మర్నాడు తలంటుకుంది, తీరిగ్గా పులిహోర కలిపింది, ఆ మర్నాటి రైలుకి నన్ను బయలుదేరదీసింది. రైలు ఆగిన ప్రతి స్టేషనులోనూ నేను గడియారం చూసుకున్నాను. పలాస దాటుతుండగా మామయ్య పోయాడని కబురొచ్చింది. బావ మాత్రం శవాన్ని మా కోసం ఉంచాడు. అమ్మ గుడ్డ తీయించి, ఆ ముఖాన్ని తనివితీరా చూసి, "సూసినాను. ఇంక ఎత్తండి," అంది. కంట తడి లేదు.

ఇప్పుడు మా పాత వీధిలో క్వార్టర్లు సగం పాడుబడ్డాయి, గోడల్లో రావిమొక్కలు లేచాయి, రిటైరైన తెలుగువాళ్ళు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు, ఆ రోజు అమ్మ వెక్కివెక్కి ఏడుస్తూ ఫోను పట్టుకున్న కొట్టు కూడా లేదు. నిన్న మాటల్లో అమ్మతో అన్నాను, విమానమెక్కి ఉంటే మామయ్యకి మాట ఉండగానే చేరేవాళ్ళమని.

"తెల్సు," అంది అమ్మ, వక్క కొరుకుతూ. "అందుకే ఎక్కనేదు."