రంగు గీకని బోల్టు

తెల్లవారుజామున నమాజు ముగించుకొని ఎర్రగుంట్ల రోడ్డులోని షెడ్డుకు రాగానే అమీర్ బాషా మొదట చేసే పని ఒకటుండేది. చొక్కా జేబులోంచి వేలెడు పొడవున్న బోల్టు తీసి, దానికి నట్టు తగిలించి రెండు వేళ్లతో తిప్పేవాడు. రెండు చుట్లు తిరిగి నట్టు ఆగిపోయేది. బోల్టు మీది మరల సందుల్లో పచ్చరంగు గట్టిపడి ఉండేది. ఆగిన చోటును కాసేపు చూసి, దైవాన్ని తలుచుకొని, నట్టు వెనక్కి తీసి రెండూ జేబులో వేసుకునేవాడు. ఆ తర్వాతే పానా ముట్టేవాడు.

"బాషా మామకు తస్బీ పూసలు చాలక బోల్టు గూడా తిప్పుతాండాడప్పా" అని లారీ డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ప్రొద్దుటూరులో లారీలకు బాడీలు కట్టే ఆదినారాయణాచారి దగ్గర ఆయన ఫిట్టరు. మనిషి మెత్తన. ఎండలో వచ్చినవాళ్లకు ముందు కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, ఆ తర్వాత లారీకి ఏమైందని అడిగే రకం. క్యాబిన్‌లోకి ఎక్కడానికి తలుపు కింద ఇనుప మెట్టు ఉంటుంది గదా, దాన్ని బిగించడంలో ఆయనకు పేరు. కొత్తగా రంగు వేసిన లారీ అయితే ముందు బోల్టు మరలను కిరసనాయిలుతో నానబెట్టి, తీగ బ్రష్షుతో గీకి, నట్టు చేత్తోనే అడుగుదాకా దిగేట్టు చేయాలి. రంగు మీదే బిగిస్తే పానాకు గట్టిగానే తగులుతుంది. కానీ ఆ బిగువు రంగుది, ఇనుముది కాదు. నాలుగు రోజులు రోడ్డు మీద అదిరితే రంగు పొడై రాలి నట్టు వదులైపోతుంది. షెడ్డులో అందరికీ ఈ సంగతి నేర్పింది ఆయనే.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన రెండేళ్లకు, దసరాలో, ఆయుధపూజ రోజు ఆచారి పనిముట్లన్నీ కడిగి పటం ముందు పేర్చి పసుపు కుంకుమలు పెట్టాడు. ఆ రోజంతా వాటిని కదిలించకూడదు. పూజకు పూలు తెచ్చింది బాషానే. ఆచారి భోజనానికి ఇంటికి పోయిన వేళ పులివెందుల లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని పచ్చరంగు వాసన ఇంకా పోలేదు.

"మామా, తొందరగా మెట్టు బిగించి పంపియ్యి. మా సావుకారు ఆడ టెంకాయ చేతబట్టుకోని కాసుకోనుండాడు. పొద్దుగూకేలోపల పులివెందుల చేరల్ల" అన్నాడు డ్రైవరు నారాయణ.

తీగ బ్రష్షు కుంకుమబొట్టుతో పటం ముందుంది. బాషా దాని వైపు చూశాడు గానీ చెయ్యి చాచలేదు. లారీలో ఉన్న పానాతోనే, రంగు మీదే నట్లు బిగించాడు. గట్టిగానే తగిలాయి.

ఆరో రోజు ఆ లారీ తిరిగి వచ్చింది. మెట్టు ఒక పక్కకు వేలాడుతోంది. ముందువైపు నట్టు లేదు.

"ముద్దనూరు కాడ మెట్టు ఎక్కతా సుబ్బరత్నమ్మ పడింది మామా. శెనక్కాయల మూటలు కుట్టేటామె. ఎండలో నడిచిపోతాంటే చూడలేక ఎక్కమన్యా. కుడి మణికట్టు ఇరిగింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చేర్పిచ్చి వస్తాండా. కొంగు కాలికి తట్టుకుందని ఆమే అంటాంది. ఆ బరువుకే మెట్టు గూడా ఊడినట్టుండాది" అన్నాడు నారాయణ.

బాషా ఆ నట్టు లేని బోల్టు ఊడదీశాడు. కొసన రెండు చుట్లు తప్ప మరల నిండా పచ్చరంగు. "అట్నా" అన్నాడు, అంతే. దాన్ని ఒక నట్టుతో సహా జేబులో వేసుకొని, ఆ చోట కొత్త బోల్టు వేసి, తక్కిన బోల్టులన్నీ గీకి బిగించి లారీని పంపాడు.

నిజం చెప్పాలనే మరునాడు జమ్మలమడుగు బస్సెక్కాడు. భార్య హజరాబీ రొట్టెలు కట్టిచ్చింది. సుబ్బరత్నమ్మ ఆ మూట చూసి, "ముక్కూమొగం తెలీని దానికోసరం ప్రొద్దుటూరు నుంచి వచ్చినావా సాయిబన్నా?" అని కళ్లు తుడుచుకొని, సగం రొట్టెలు పక్కమంచం ముసలమ్మకు ఇచ్చింది. చెప్పాల్సింది చెప్పకుండానే ఆయన తిరుగు బస్సెక్కాడు. తర్వాత నెలకోమారు ఆమె ఊరికి పోయి వచ్చేవాడు. ప్రతిసారీ చెప్పాలనుకొనే పోయేవాడు. రొట్టెలిచ్చి వచ్చేవాడు.

ఎముక వంకరగా అతుక్కుంది. వేళ్లకు దబ్బనం పట్టు చిక్కలేదు. మూటలు కుట్టే పని పోయి కాయలు ఏరే పనికి దిగింది. "కొంగు కట్టుకోను తెలీనామెకు లారీ ఎక్కే షోకు" అని కల్లంలో ఆడవాళ్లు అంటూంటే బాషా చెవులారా విన్నాడు.

మరుసటేడు ఆయుధపూజకు పనిముట్లు కడుగుతూ ఆచారికి అంతా చెప్పేశాడు.

"ఒక్కమాట అడిగింటే నేనే బొట్టు తుడిచి ఇస్తాంటిని గదప్పా! మనిషి చెయ్యి కన్నా అమ్మవారికి బ్రష్షు ఎక్కువా?" అన్నాడు ఆచారి.

"నాకు తెలుసన్నా, ఇస్తావని. ఆచారం అడ్డమని మనసుకు చెప్పుకుంటి. నిజానికి పండగపూట బిరీన ఇల్లు చేరల్లని ఉన్న్యాది. నీ దేవుని చాటున నేను దాక్కున్న్యా."

ఆచారి తీగ బ్రష్షు తీసి కడిగి పక్కన పెట్టాడు. తర్వాత, "నాకు చెప్తే ఏమొస్తాది? చెప్పాల్సిన చోట చెప్పిరాపో" అన్నాడు, నెమ్మదిగా.

మరునాడే బాషా ముద్దనూరు పోయాడు. సుబ్బరత్నమ్మ కల్లంలో ఎడమచేత్తో కాయలు ఏరుతోంది. ఈసారి ఆయన చేతిలో రొట్టెల మూట లేదు. బోల్టు తీసి ఇచ్చి, నట్టు తిప్పి చూడమన్నాడు. వంకర చేత్తో బోల్టు అదిమిపట్టి ఆమె తిప్పింది. రెండు చుట్లకు ఆగిపోయింది.

"తిరగదే?"

"రంగుండాదక్కా. నేను గీకలేదు. ఆ మెట్టు బిగించింది నేనే."

ఆమె బోల్టు వైపే చూస్తూ కూర్చుంది. "అయితే... నా కొంగు కాదా?"

"కాదక్కా. మెట్టే ఊడింది."

"ఏడాది నుంచి రొట్టెలు తెస్తాండేది దీనికోసరమా? మంచోడివి కాబట్టి తెస్తాండావనుకుంటి గదయ్యా!"

అవతల ఏరుతున్న ఆడవాళ్లు చేతులు ఆపి ఇటే చూస్తున్నారు. ఆమె బోల్టు ఆయన ముందు పెట్టి, ఎడమచేత్తో చెంబు జరిపింది.

"ఎండన పడి వచ్చినావు. నీళ్లు తాగు."

ఆయన చెంబు ముట్టలేదు.

"తర్వాత తాగుతాలేక్కా. నాకొక ఉపకారం చెయ్యి. చెయ్యి ఏమైందని ఎవరడిగినా ఇంకెప్పుడూ కొంగు మాట చెప్పొద్దు. ప్రొద్దుటూరు అమీర్ బాషా రంగు గీకకుండా మెట్టు బిగించినాడు, అందుకే పడినా అని నా పేరు పెట్టి చెప్పు. అదుగో, వాళ్లు ఇంటాండారు. ముందు వాళ్లకు చెప్పక్కా."