గొర్రె కొవ్వు, తేనెమైనం

ఐర్లండ్‌లో స్లైగో నుంచి డబ్లిన్ వెళ్లే రైల్లో నా ఎదుటి సీటు పెద్దాయన ఒళ్లో బూట్‌పాలిష్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ బయట ప్రతి ఊరి చివరా కొత్త ఇళ్లు లేస్తున్న రోజులవి.

నేను చూడడం గమనించి ఆయన డబ్బా మూత తీశాడు. లోపల పసుపుపచ్చని ముద్ద ఉంది.

“మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకీ ఉంటుంది చూడు, దాని గుండుకు రాసేది. మా అబ్బాయి కాచాడు. గొర్రె కొవ్వు రెండు పాళ్లు, తేనెమైనం ఒక పాలు. ఆరేళ్లయినా చెడలేదు.”

నాది ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగమని చెప్పి, “జంతువుల కొవ్వు అన్నాళ్లు ముక్కవాసన రాకుండా ఉండదండీ,” అన్నాను.

“సూది గుచ్చనిదే దేన్నీ నమ్మరు మీ ఆసుపత్రి వాళ్లు!” అని నవ్వి, డబ్బా నా చేతికిచ్చాడు. “నువ్వే చూడమ్మా.”

ముద్ద మధ్యలో చిన్న గుంట ఉంది. గట్టిపడిన పైపొర తీస్తే గాని అసలు వాసన తెలియదు. ఆ గుంటలోనే గోటితో గీరి వాసన చూశాను. తేనె వాసన తప్ప మరేదీ లేదు.

“మీరన్నది నిజమే,” అంటూ తలెత్తాను. ఆయన ముఖంలో నవ్వు లేదు.

“ఆ గుంట వాడి వేలిదమ్మా. వాడు పోయే ముందు చివరిసారి తీసుకున్నప్పటిది. నేనెప్పుడూ అక్కడ ముట్టుకోలేదు.”

క్షమించమని అడగబోయాను. పర్వాలేదనే అక్కడి మాటలో “గ్రాండ్, గ్రాండ్,” అంటూ ఆయన మూత నొక్కాడు. అది పట్టేసిన తర్వాత కూడా నొక్కుతూనే ఉన్నాడు.

నమూనా తీసిన వెంటనే చేతులు కడుక్కోవడం నా వృత్తి నేర్పిన అలవాటు. ఆ రోజు మాత్రం గోటి కింద మిగిలిన మైనాన్ని ఇంటికి చేరాక కూడా కడగలేకపోయాను.