మా మామ ఊళ్లో లేని గుట్ట

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు కాలేజీ ప్రాజెక్టు పని పెట్టుకుని మా ఇంటికి వచ్చి, గిద్దలూరు, రాచర్ల వైపు కొండలన్నిటినీ ల్యాప్‌టాప్‌లో నిలబెట్టి చూపించింది. వేలితో ఇటు తిప్పితే నల్లమల ఇటు తిరుగుతుంది, అటు తిప్పితే అటు. నేను కళ్లజోడు సవరించుకుని ముచ్చటపడి చూస్తుంటే, రాచర్ల దాటాక కొండ మొదట్లో ఒకచోట ఆగి, పెద్దమ్మా, అమ్మమ్మ పుట్టింటి ఊరి పక్కన ఈ చిన్న గుట్ట ఎక్కడిది, నేనెప్పుడూ చూడలేదే అంది. అక్కడ గుట్ట లేదు. ఏనాడూ లేదు.

ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు గానీ, నా ఈడు వాళ్లు నమ్ముతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు మార్కాపురంలో ఒక పలకల గోడౌను మీద మేడగది. కింద పలకలు కోస్తుంటే లేచే దుమ్ము మా కీబోర్డుల్లోకి, టీ గ్లాసుల్లోకి, చివరికి తలల్లోకి కూడా చేరేది. తాగునీటి పథకం కోసం నేల ఎత్తుపల్లాలను కంప్యూటర్లో బొమ్మ కట్టి ఇవ్వడం మా కాంట్రాక్టు. బొమ్మ కట్టడం ఎంతసేపు, ఆ ఎత్తులు ఎక్కడి నుంచి తేవాలన్నదే మా రోజువారీ ఏడుపు. పాత సర్వే పటాలు అడిగితే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మనేవారు, తీరా దొరికిన పటం మడతల దగ్గర చిరిగి, మాకు కావలసిన కొండ సరిగ్గా ఆ చిరుగులోనే పోయి ఉండేది. చివరికి ఆకాశం నుంచి యంత్రంతో కొలిచిన ఎత్తులు నెట్‌లో ఊరికే దొరుకుతాయని తెలిసి, కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతూ, ఎలాగో వాటిని దించుకున్నాం. అవి నిజమో కాదో తేల్చుకోవాలి కదా! రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది చూడండి, ఆ అంకెల కోసం మార్కాపురం రోడ్డు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి దిగువమెట్ట దాకా స్టేషను స్టేషనుకూ కిటికీలోంచి తొంగిచూసి రాసుకొచ్చాం. అన్నీ సరిపోయాయి. ఆ సాయంత్రం మేం చేసిన సందడి ఇంతా అంతా కాదు. స్టేషన్ల దగ్గర చెట్ల తోపులు ఉండవన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

పథకం మాత్రం మంచిదే. ఒక గుట్ట మీద ట్యాంకు కట్టి, మోటారుతో పని లేకుండా పల్లంలో ఉన్న ఊళ్లన్నిటికీ పైపుల్లో నీళ్లు వదలడం. ఫ్లోరైడు ఉన్న బోరునీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టి, పెద్దల మోకాళ్లు పట్టేసిన ఆ ఊళ్లలో మా మేనమామ ఊరూ ఒకటి. తీరా బొమ్మ తయారయ్యాక, ఆ పిడికెడు ఇళ్లు దిబ్బ మీద ఉన్నట్టు కనిపించాయి. అంత ఎత్తుకు నీళ్లు ఎక్కవని ఆ ఒక్క ఊరిని తీసేశారు. అమ్మమ్మగారింట నేను పుట్టి పెరిగిన చోటు, నాకు తెలియదా! ఇళ్లను ఆనుకుని పెద్ద చింతతోపు ఉంది. పైనుంచి కొలిచిన యంత్రం ఆ గుబురు కొమ్మల నెత్తినే నేల అనుకుంది. మా ఇంచార్జికి చెప్పాను. ఆయన మంచివాడు, పైకి రాశాడు కూడా. ఆమోదం అయిపోయిన లెక్కలను కదపలేమని, మలి విడతలో చూద్దామని జవాబు వచ్చింది.

ఆ గొడవంతా నెత్తిన పెట్టుకుని నేను ఊరికి వెళ్లేసరికి మామ ఆ తోపులోనే, మధ్యాహ్నపు నీడలో పడుకున్న గొర్రెల మధ్య కూర్చుని ఉన్నాడు. పథకంలో మన ఊరెందుకు రాలేదని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏంది పాపా, ఈ చెట్లను జూసి మేం మిట్ట మీద ఉండామనుకున్నారా?" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

కొన్ని వారాలు గడిచాక ఒకరోజు మామ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ, అందరూ వింటుండగా, మొహం వెలిగిపోతూ చెప్పాడు.

"చెట్లన్నీ కొట్టేసినాం పాపా, ఒక్కటి గూడ మిగల్లేదు. ఊరంతా కూచోని ఒప్పుకున్నారు. ఇంక పైనుంచి జూస్తే నేలే కనపడతాది. మళ్లీ ఒకసారి చూడమను."

ఆ యంత్రం రోజూ మన నెత్తిమీదుగా పోతూ చూస్తూనే ఉంటుందని పాపం వాళ్లు అనుకున్నారు. అది అప్పటికి కొన్నేళ్ల కిందటే ఒక్కసారి కొలిచి వెళ్లిపోయింది. చెప్పక తప్పలేదు. "అయితే మళ్లీ రాదా అది?" అన్నాడు మామ. రాదన్నాను. మా ఆఫీసు క్యానులోంచి ఒక గ్లాసు నీళ్లు పట్టి ఇస్తే మెల్లగా తాగి, "ఈ నీళ్లు బాగుండాయి" అని గ్లాసు బల్ల మీద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను మెట్ల దాకా వెళ్లి నిలబడ్డాను.

పైపులు ఆ ఊరి ముందు రోడ్డు మీదుగానే పోయాయి. మలి విడత మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఆ ఎండాకాలం వెళ్లినప్పుడు, గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని నిలబడి ఉంటే, మామ కర్ర పట్టుకుని వాటి పక్కనే ఎండలో నిలబడి ఉన్నాడు. పోయేదాకా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ పాత కొలతలే తన ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నాయని, ఇదంతా పిల్లకు చెప్పాను. అంతా విని, అయితే ఇది తప్పే కదా పెద్దమ్మా, సరిచేస్తానుండు అని ఆ గుట్ట చుట్టూ ఒక గీత గీసి ఏదో నొక్కింది. గుట్ట పోయింది. మామ ఊరు తన అసలు చోటికి, ట్యాంకు కంటే ఎంతో కిందికి దిగింది. ఆ రోజుల్లో మేము ఎంత బతిమాలినా కదలని నేల ఇప్పుడు ఒక పిల్ల వేలికింద అంత తేలిగ్గా కదిలింది. కానీ ఆ చింతతోపు ఇన్నేళ్లూ మిగిలి ఉన్నది ఆ ఒక్కచోటే, ఇప్పుడు అక్కడా లేదు. ఉంచమని అందామనుకున్నాను, ఏమని ఉంచమనను?

బాగుందా పెద్దమ్మా అంది. బాగుందమ్మా అన్నాను. మనసు ఊరుకోక మామ కొడుక్కి ఫోను చేసి, ఈ వారం నీళ్ల ట్యాంకరు వచ్చిందా అని అడిగాను.

"ఇంకా రాలే వదినా," అన్నాడు.